సంతకం అయితే పెట్టింది, విన్నదేమిటో చెప్పలేకపోయింది

వార్డుసిస్టర్ | ఆదివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ఆసుపత్రిలో సర్జరీ వార్డు స్టాఫ్ నర్సుని. పదమూడేళ్లుగా ఇదే పని. ఒక విషయం మనసులో తిరుగుతోంది, ఇక్కడ డాక్టర్లూ పేషెంట్ల తరఫు వాళ్లూ ఇద్దరూ ఉన్నారు కదా అని రాస్తున్నా.

మొన్న ఒక పెద్దావిడకి పసరు తిత్తిలో, అంటే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, కీహోల్ ఆపరేషన్ (చిన్న బొక్కల్లోంచి చేసేది). ముందురోజు సాయంత్రం పీజీ డాక్టరు గారు వచ్చి పావుగంట నిలబడి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. బాగానే చెప్పారు, ఎగ్గొట్టలేదు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, పిత్తనాళానికి గాయం, అవసరమైతే పొట్ట ఓపెన్ చేయడం, మత్తుతో వచ్చే ఇబ్బందులు. ఆవిడ అన్నిటికీ ఊ కొట్టింది. వేలిముద్ర కూడా కాదు, వరసగా అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టింది.

రాత్రి బీపీ చూడ్డానికి వెళ్లి ఊరికే అడిగాను. "పిన్నిగారూ, రేపు ఏం చేస్తామన్నారు?"

"రాళ్లు తీసేస్తారటమ్మా. కోత ఉండదట. ఎల్లుండి ఇంటికెళ్లిపోవచ్చట."

"ఇంకేమన్నా చెప్పారా?"

"ఏదో చెప్పారు. అబ్బాయి విన్నాడుగా."

అబ్బాయిని అడిగితే, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారండి" అన్నాడు.

రాళ్లు కాదు, తిత్తి మొత్తం తీసేస్తారన్న సంగతే ఆవిడకి తెలీదు. చెప్పి మూడు గంటలైనా కాలేదు. ఆపరేషన్ బాగా అయింది, ఇంటికెళ్లింది, అది వేరే విషయం. మీ దగ్గర ఎలా చేస్తున్నారు? గుర్తుండేలా చెప్పడానికి దారేమైనా ఉందా?


కత్తిడాక్టరు | ఆదివారం రాత్రి 10:25

సిస్టర్ గారూ, ముందు ఆ పీజీకి నా తరఫున ఒక టీ ఇప్పించండి. పావుగంట చెప్పాడంటే గొప్పవాడే. నేను పీజీ చేసేటప్పుడు "ఇక్కడ పెట్టమ్మా సంతకం" అంతే ఉండేది.

ఇక అసలు మాట. అన్నీ పూసగుచ్చినట్టు చెప్తే సగంమంది భయపడి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు ఆరునెలలకి రాయి జారి పసరు గొట్టానికి అడ్డంపడి, పాంక్రియాస్ (క్లోమం) వాచి, ఐసీయూకి వస్తారు. అలా వచ్చినవాళ్లని నేను చూశాను. భయపెట్టకుండా చెప్పడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే నాకూ చెప్పండి. వ్యంగ్యం కాదు, నిజంగానే అడుగుతున్నా.


పెద్దకొడుకు | ఆదివారం రాత్రి 10:58

ఆ "అబ్బాయి"ని నేనే అనుకోండి. రెండేళ్ల కింద మా నాన్నకి గుండె ఆపరేషన్. డాక్టరు గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. నేను తలూపుతూనే ఉన్నా. కానీ లోపల నడుస్తున్నది వేరే. డబ్బులు ఎక్కడ సర్దాలి, రక్తం ఇచ్చేవాళ్లు ఎవరు, చెల్లికి ఇప్పుడే చెప్పాలా వద్దా. ఆ టెన్షన్‌లో చెవులు పనిచేయవండీ.

ఒక్క ముక్క మాత్రం గుర్తుంది. "రిస్క్ రెండు శాతం" అన్నారు. బయటికొచ్చాక నాన్న మెల్లగా అడిగాడు: "రెండు శాతమంటే నెలకా, ఏడాదికా?" ఆయన జీవితమంతా విన్న శాతం వడ్డీ శాతమే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకూ సరిగ్గా తెలీదని ఆయనకి చెప్పలేదు.


బర్మింగ్‌హామ్_నర్సు | సోమవారం తెల్లవారుజామున 3:40

ఇక్కడ ఇంకా రాత్రే. డ్యూటీ దిగి చూస్తున్నా.

సిస్టర్, మీ పేషెంటు ప్రత్యేకం ఏమీ కాదు. ఈ విషయం మీద 2003లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం వెంటనే మర్చిపోతారట. గుర్తుందనుకున్నదాంట్లో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందట. చదువుకున్నవాళ్లూ దీనికి అతీతులు కారు. నాకు మోకాల్లోకి కెమెరా పెట్టి చూసే స్కోపీ అయినప్పుడు నేనే సగం మర్చిపోయాను, నేను నర్సుని!

మాకు నేర్పింది ఒకటి చెప్తాను. "అర్థమైందా?" అని అడగకూడదు. ఆ ప్రశ్నకి ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే జవాబు, "అయిందండి". మన ఊళ్లో అయితే డాక్టరు గారి ముందు కాలేదని చెప్పడం మర్యాద కూడా కాదు. దాని బదులు, "నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు అనుమానంగా ఉంది. ఇంటికెళ్లాక మీ తమ్ముడు అడిగితే ఏమని చెప్తారో నాకొకసారి చెప్పండి" అంటాం. పరీక్ష మనకి, వాళ్లకి కాదు. తప్పు చెప్తే ఆ ముక్క ఒక్కటే మళ్లీ చెప్పి మళ్లీ అడగాలి.

ఇంకోటి. ఇక్కడ 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసు తీర్పు ఇచ్చింది. షుగర్ ఉన్న గర్భిణి. అలాంటివాళ్లకి కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే అవకాశం నూటికి 9, 10. చెప్తే సిజేరియన్ కావాలంటుందని డాక్టరు చెప్పలేదు. భుజం ఇరుక్కుంది, బిడ్డకి జీవితాంతం వైకల్యం. ఏం చెప్పాలన్నది డాక్టర్ల ఆనవాయితీని బట్టి కాదు, ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి అని కోర్టు తేల్చింది. కత్తిడాక్టరు గారూ, "చెప్తే భయపడతారు" అన్న మాట అక్కడ ఓడిపోయింది.


కత్తిడాక్టరు | సోమవారం ఉదయం 7:15

మీ దగ్గర పేషెంటుకి అరగంట స్లాటు ఉంటుందమ్మా. నా ఓపీ నిన్న తొంభై దాటింది. పైగా "వందలో ఒకరికి ఇలా అవ్వొచ్చు" అంటే వెంటనే వచ్చే ప్రశ్న, "ఆ ఒక్కడూ నేనే అయితే?" దానికి ఏ సుప్రీంకోర్టూ జవాబు చెప్పలేదు.

అయినా ఆ తమ్ముడికి చెప్పమనే ప్రశ్న బాగుంది. వాడి చూస్తా.


మత్తుడాక్టరు | సోమవారం ఉదయం 8:02

ఎనస్తీషియా (మత్తు) కన్సెంట్, అంటే పేషెంటు అంగీకారం, వేరేగా ఉంటుందని చాలామందికి తెలీదు, అది మా బాధ.

తిరిగి చెప్పించుకోవడం వల్ల నేను బతికిపోయిన సందర్భం ఒకటి. "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ తినకూడదు" అని చెప్పాం. పొద్దున అడిగితే "ఏమీ తినలేదండి" అన్నాడు. మరి పొద్దున లేచినప్పట్నుంచి ఏం చేశావో వరసగా చెప్పమన్నా. "లేచాను, పళ్లు తోముకున్నాను, టీ తాగాను..." పాల టీ. తాగడం తినడం కాదుగా! పాలు కడుపులోకి వెళ్తే ఆరుగంటలు ఆగాలి, మంచినీళ్లయితే రెండు గంటలు. కేసు మధ్యాహ్నానికి జరిపాం. అతను అబద్ధం చెప్పలేదు, మేమే తప్పు మాట వాడాం. ఇప్పుడు "టీ, కాఫీ, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఏదీ వద్దు" అని పేరుపేరునా చెప్తున్నాం.

ఇంకో సంగతి. మనం రిస్కులు చెప్పేటప్పటికే వాళ్ల బుర్రలో ఒక రిస్కు కూర్చుని ఉంటుంది. సిజేరియన్‌కి వచ్చే ప్రతి అమ్మాయి భయం ఒకటే: వెన్నుకి ఇంజెక్షన్ ఇస్తే జన్మంతా నడుంనొప్పి. వాళ్లత్త చెప్పింది, పక్కింటావిడ చెప్పింది. ఆ నొప్పికీ ఇంజెక్షన్‌కీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. గర్భం, బరువు, బిడ్డని ఎత్తుకోవడం, వీటివల్ల వచ్చేదే ఎక్కువ. నిజంగా రాగలిగింది వేరే: బీపీ పడిపోవడం, కొంతమందికి లేచి కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి. కానీ ముందు ఆ నడుంనొప్పి గురించి మాట్లాడకపోతే నేను చెప్పే తలనొప్పి ఆమె చెవికెక్కదు. అందుకని ఇప్పుడు మొదటి ప్రశ్న నాది: "ఈ ఇంజెక్షన్ గురించి మీరేం విన్నారు?" ఆ తర్వాతే నా ఉపన్యాసం.


తెలుగుమాస్టారు | సోమవారం సాయంత్రం 6:30

రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పోయిన ఏడాది నా హెర్నియాకి సంతకం పెట్టిన పత్రం దాచుకున్నాను, భాషాపరమైన ఆసక్తితో. అందులో ఒక వాక్యం: "సదరు శస్త్రచికిత్సానంతరము సంభవించగల ఉపద్రవముల గూర్చి నాకు సవివరముగా విశదీకరింపబడినది." నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి, నేనే రెండుసార్లు చదివాను. ఇది తెలుగులో ఉందన్న మాటే గానీ తెలుగువాడి కోసం రాసింది కాదు.

"ప్రమాదం" అనే మాటతోనూ చిక్కే. మనకి ప్రమాదం అంటే బస్సు బోల్తా. జరిగిపోయిన ఘోరం. "ఈ ఆపరేషన్లో ప్రమాదం ఉంది" అంటే చావుకబురు విన్నట్టే ఉంటుంది. జరిగితే జరగొచ్చు, జరక్కపోవచ్చు అన్న అర్థం అందులో లేదు. దానికంటే జనం నోట్లో ఉన్న "రిస్కు" నయం. "కొందరికి ఇలా అవుతుంది, చాలామందికి అవదు" అనేది ఇంకా నయం.

పిత్తనాళం ఎవరికి తెలుస్తుంది? పసరు కక్కుకున్నాడు అంటే తెలుస్తుంది. సిస్టర్ గారు, మీ పెద్దావిడ కోడిని కోసి ఉంటుందిగా? కాలేయం దగ్గర ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది, పగిలితే కూరంతా చేదు. పగలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తామో ఆవిడకి ఒకరు చెప్పాలా? "మీ ఒంట్లోనూ అలాంటి చేదు తిత్తి ఉంది. అందులో రాళ్లు చేరాయి. తిత్తితో సహా తీసేస్తాం. దాన్ని ఆనుకునే పసరు పేగుల్లోకి పోయే గొట్టం ఉంది. దానికి దెబ్బ తగిలితే ఇంకో ఆపరేషన్ కావాలి." ఇంతే కదా డాక్టరు గారూ? తప్పుంటే దిద్దండి.


కత్తిడాక్టరు | సోమవారం రాత్రి 9:10

తప్పేమీ లేదు మాస్టారూ. ఇరవై ఏళ్లుగా ఆ తిత్తి తీస్తున్నా, కోడి తట్టనే లేదు. రేపట్నుంచి వాడుకుంటా, మీకు రాయల్టీ ఇవ్వలేను.


లా_పాయింట్ | సోమవారం రాత్రి 10:40

అడ్వకేటుని. రెండు ముక్కలు.

మన దేశంలో దీనికి ముఖ్యమైన తీర్పు 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ కేసు. 44 ఏళ్ల స్త్రీ. లోపల ఏముందో చూడ్డానికి మాత్రమే లాప్రోస్కోపీకి (పొట్టలోకి చిన్న కెమెరా పెట్టడం) ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి దగ్గర అంగీకారం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరై, మతి స్థిమితంగా ఉన్న మనిషి తరఫున తల్లి ఒప్పుకోవడం చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణం మీదికొస్తే తప్ప ఆమె లేచేదాకా ఆగాల్సిందే. ఇచ్చిన పరిహారం 25,000 రూపాయలే, తీర్పు మాత్రం పెద్దది. ఏం చేస్తారు, ఎందుకు, లాభమేమిటి, వేరే దారులేమిటి, గట్టి రిస్కులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది: ఇవి చెప్పాలంది. అరుదైన ప్రతి చిన్న రిస్కూ ఏకరువు పెట్టక్కర్లేదని కూడా అంది, కత్తిడాక్టరు గారు ఊపిరి పీల్చుకోవచ్చు.

మరి మనవాళ్లు పేషెంటుని వదిలేసి మొగుడి సంతకం కోసం ఎందుకు వెతుకుతారు? 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు, లేదా రోగి అని ఆ వరసలో రాసి ఉంది. ఆ అలవాటు పోలేదు.

రెండోది, ఫారం కింద చేత్తో రాయిస్తారు చూడండి, "ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదు, నా ఇష్టపూర్వకంగా" అని. ఆ వాక్యం నిర్లక్ష్యం కేసులో డాక్టర్ని కాపాడదు. పేషెంటుకి ఏమీ నేర్పదు. ఇద్దరికీ పనికిరాని వాక్యం కోసం అంత శ్రద్ధగా డిక్టేషన్ చెప్తారు.


మెతుకుసీమ_బిడ్డ | మంగళవారం మధ్యాహ్నం 1:20

గర్భసంచి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మా అమ్మది ముప్పై రెండేళ్లకే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని చిన్న ఆసుపత్రికి పోతే "ఉంచితే క్యాన్సర్ అవుతది, పిల్లలు పుట్టిన్రు కదా, ఇంక దేనికి" అన్నారట. అంతే. అమ్మకి రాయడం రాదు, వేలిముద్ర. అండాశయాలు కూడా తీశారని మాకు పదేళ్ల తర్వాత, వేరే డాక్టరు స్కానింగ్ చేస్తే తెలిసింది. ముప్పై మూడేళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఇప్పుడు యాభై నిండకుండానే ఎముకలు గుల్ల. ఆమె దాన్ని దేవుడి రాత అనుకుంది ఇన్నాళ్లు.

ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మన రెండు రాష్ట్రాలే ముందు.

మీరంతా రిస్కు గుర్తుండేలా ఎలా చెప్పాలి అంటున్నారు. అమ్మకి రిస్కు బాగా గుర్తుంది: క్యాన్సర్. చేయించుకోకపోతే వచ్చేదే చెప్పారు, చేయించుకుంటే వచ్చేది చెప్పలేదు. అదీ ఒక రకం చెప్పడమే కదా? డాక్టరు గారు భయపడతారని అన్నారు. భయం మీ పక్కకి లాగేటప్పుడు మాత్రం చెప్పడానికి ఎవరికీ టైం తక్కువ కాలేదు.


కత్తిడాక్టరు | మంగళవారం రాత్రి 9:45

అమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజమే రాశారు. పాంక్రియాస్ గురించి నేను పైన రాసిందీ అలాంటి తూకమేనా అని ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నా.


పాత_ఆరోగ్యమిత్ర | బుధవారం ఉదయం 11:05

ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తల్లో ఆరోగ్యమిత్రగా చేశాను. కార్డు చూడ్డం, ఫొటో తీయడం, అప్రూవల్ కోసం ఫోన్లు. అదీ మా పని. కానీ డాక్టరు వెళ్లాక పేషెంట్లు అడిగేది మమ్మల్నే. "ఏమన్నారు సారూ?"

లెక్కలకి నేనొక పద్ధతి పట్టాను. శాతాలు మానేశాను. ఆర్టీసీ బస్సు అయితే అందరికీ తెలుసు, యాభై సీట్లు అనుకోండి. ఇరవై బస్సులు నిండా జనం అంటే వెయ్యిమంది. కత్తిడాక్టరు గారూ, గాల్‌బ్లాడర్‌లో ఆ గొట్టానికి దెబ్బ ఎంతమందికి?


కత్తిడాక్టరు | బుధవారం ఉదయం 11:30

కీహోల్‌లో పుస్తకాల లెక్క వెయ్యికి ముగ్గురి నుంచి ఐదుగురు. మధ్యలో పొట్ట ఓపెన్ చేయాల్సి రావడం చాలా ఎక్కువ, నూటికి అయిదుగురి దాకా. బాగా వాచి ఉంటే ఇంకా పెరుగుతుంది. అది గొడవ కాదు, ఒక్కోసారి అదే తెలివైన పని. కానీ "కోత ఉండదన్నారుగా" అని బంధువులు మీదికొచ్చేది అక్కడే.


పాత_ఆరోగ్యమిత్ర | బుధవారం ఉదయం 11:52

చాలు. ఇరవై బస్సుల జనం ఈ ఆపరేషన్ చేయించుకుంటే, అన్ని బస్సుల్లో కలిపి గొట్టం దెబ్బతినేది ముగ్గురు నలుగురికి. పెద్ద కోత పడేది మాత్రం ప్రతి బస్సులోనూ ఇద్దరు ముగ్గురికి. ఏది అరుదు, ఏది మామూలు అనేది అక్కడికక్కడే తెలిసిపోతుంది.


మత్తుడాక్టరు | బుధవారం మధ్యాహ్నం 2:15

బస్సు బాగుంది గానీ చిన్న అభ్యంతరం. ఇప్పుడే మాస్టారు ప్రమాదం అంటే బస్సు బోల్తా అన్నారు :) బస్సులో కూర్చోబెడితే "ఏ బస్సు మంచిది" అంటారు. నేను పెళ్లి భోజనాలు వాడతా. వెయ్యి విస్తళ్లు.


బర్మింగ్‌హామ్_నర్సు | బుధవారం సాయంత్రం 5:30

ఇక్కడ వెయ్యి మనిషి బొమ్మలున్న కాగితం ఉంటుంది, అందులో నాలుగిటికి రంగు వేసి చూపిస్తాం. విస్తళ్లయినా అదే కదా. ఒక్క జాగ్రత్త. మొదలుపెట్టిన లెక్క మార్చకండి. ఒకటి వెయ్యికి, ఇంకోటి నూటికి, మరోటి "రెట్టింపు" అంటే ఆ గజిబిజిలో ఎవరూ పోల్చుకోలేరు. 1995లో ఇక్కడ ఒక రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే రిస్కు "రెట్టింపు" అని ప్రకటించారు. నిజానికి అది ఏడువేల మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగింది. జనం బెదిరి మాత్రలు మానేశారు, ఆ మరుసటేడు అబార్షన్లు వేలల్లో పెరిగాయి.


వార్డుసిస్టర్ | మూడో వారం, శనివారం రాత్రి 10:20

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించండి. చేసి చూశాకే రాద్దామని ఆగాను.

పీజీ గారితో మాట్లాడాం. డాక్టరు సాయంత్రం చెప్తారు, అది మారలేదు. రాత్రి నేను బీపీ చూసేటప్పుడు "మీ తమ్ముడు ఫోన్ చేస్తే ఏం చెప్తారు?" అని అడుగుతున్నా. మూడు నాలుగు నిమిషాలే పడుతోంది. తప్పు చెప్తే తిత్తి, గొట్టం, విస్తళ్లు (మా వార్డులో బస్సు కంటే విస్తళ్లే పనిచేశాయి). పెద్ద సందేహాలొస్తే కేస్ షీటు మీద చీటీ పెడుతున్నా, పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారే చెప్తున్నారు. అంగీకారం తీసుకోవడం నా పని కాదు, అది డాక్టరు చేయాల్సిందే, అంతవరకు నాకు తెలుసు. కొంతమంది ఫోన్లో రికార్డు చేసుకుంటామన్నారు. మొదట పీజీ గారు జంకారు, తర్వాత సరే అన్నారు.

అందరికీ గుర్తుండడం లేదు. ఒకాయన రెండుసార్లు చెప్పినా "మీరేం చేసినా సరే, మీ చేతిలో పెట్టాను" అనే అన్నాడు. ఇంకో ఇంట్లో కొడుకులు "నాన్నకి ఏం చెప్పొద్దు, మాకు చెప్పండి" అని నా మీదికి లేచారు. దానికి దారి ఇంకా దొరకలేదు.

నిన్న మాత్రం ఒకామె, చేపల మార్కెట్లో కూర్చుంటుంది, చదువు లేదు. తిరిగి చెప్పమంటే ఇలా చెప్పింది: "చేదు తిత్తి రాళ్లతో సహా తీసేస్తారు. నాలుగు బొక్కలు పెడతారు. కుదరకపోతే పెద్ద కోత కోస్తారు, అప్పుడు వారం ఎక్కువ పడుకోవాలి. వెయ్యి మందిలో ముగ్గురు నలుగురికి గొట్టం తెగుద్ది, అప్పుడు పెద్దాసుపత్రికి పోవాలి." నేను నోరు తెరుచుకుని వింటున్నా. అంతలో తనే అడిగింది, "అయితే అమ్మా, రాళ్లు మటుకు తీసి తిత్తి ఉంచరాదా? తిత్తి లేకపోతే అన్నం అరుగుద్దా?"

పదమూడేళ్లలో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. చీటీ రాసి పెట్టాను.


కత్తిడాక్టరు | మూడో వారం, శనివారం రాత్రి 10:55

ఉంచితే మళ్లీ రాళ్లు కడుతుంది, అందుకే తీస్తాం. పసరు చేసేది కాలేయం, తిత్తి దాచుకునే చోటు మాత్రమే. కాబట్టి అన్నం అరుగుతుంది. కొంతమందికి నూనె ఎక్కువైతే కొన్నాళ్లు విరేచనాలవుతాయి, అది కూడా చెప్పండి. చేపల పులుసు ఎప్పట్నుంచి తినొచ్చని ఆవిడ తప్పకుండా అడుగుతుంది చూడండి.


వార్డుసిస్టర్ | మూడో వారం, శనివారం రాత్రి 11:02

అడిగేసింది సార్.